పీట దాకా అందే తీగ

వినోద ఏం పని చేస్తుందని గౌడవెల్లిలో ఎవరైనా అడిగితే, ఆమె అత్త పద్మమ్మ తడుముకోకుండా చెబుతుంది: “మా కోడలు పదిమంది కంప్యూటర్లకు దిష్టి తగలకుంట సూస్తది.” విన్నవాళ్లు నవ్వుతారు. వినోద కూడా నవ్వుతుంది గానీ ఆ మాటను దిద్దదు. దిద్దడానికి అందులో పెద్దగా తప్పేమీ లేదు మరి.

మేడ్చల్‌లో పాత హైవే పక్కన, టైర్ల దుకాణం పై అంతస్తులో ఆమె ఆఫీసు. ఆరేడుగురు పనిచేసే చిన్న కంపెనీ. చుట్టుపక్కల బియ్యం మిల్లులు, కుత్బుల్లాపూర్‌లో అట్టపెట్టెలు చేసే కార్ఖానాలు, బౌరంపేట్‌లో కొత్తగా లేచిన బడులు, ఒకటి రెండు నర్సింగ్ హోములు, ఇలా కంప్యూటర్ల కోసం సొంతంగా మనిషిని పెట్టుకోలేనివాళ్లంతా ఆ భారాన్ని ఈ కంపెనీకి అప్పగించారు. ఇంటర్నెట్ తీగ లోపలికి వచ్చే చోట వినోద వాళ్లు ఒక నల్ల డబ్బా బిగిస్తారు. ఫైర్‌వాల్ అంటారు దాన్ని. తీగ వెంట వచ్చే ప్రతిదాన్నీ అది ఆపి చూస్తుంది. మంచిదైతే లోపలికి పంపుతుంది, కాకపోతే వాకిట్లోనే నిలబెడుతుంది. రాత్రయ్యాక ఆ కంప్యూటర్లలోని లెక్కలన్నిటికీ ఒక నకలు మేడ్చల్‌కు చేరుతుంది. ఆఫీసు గోడ మీద పెద్ద తెర ఉంది. అందులో ఒక్కో చోటుకు ఒక్కో పచ్చ చుక్క. డబ్బా నుంచి మాట ఆగిపోతే చుక్క ఎర్రబడి గంట మోగుతుంది. ఏమైనా కానీ, అప్పగించిన వాళ్ల పని మాత్రం ఆగకూడదు. కంపెనీ ఇచ్చిన మాట అదే.

ఈ పనిలో సగం డబ్బాలతోనైతే సగం మనుషులతో. ఇక్కడ ఎవరి కంప్యూటర్ తెరవాలన్నా వాళ్ల ఇంటి దేవుడి పేరు తెలిస్తే చాలు. చివర ఒకటీ రెండూ మూడూ తగిలిస్తే తెరుచుకుంటుంది. వినోద ఎవరినీ కసురుకోదు. దేవుడి పేరు మనసులో పెట్టుకోమనీ, తాళానికి పెడితే అందరికీ ఎరుకైపోతుందనీ మెల్లగా చెప్పి, దగ్గరుండి కొత్త తాళం పెట్టించి వస్తుంది. పోయిన చోటల్లా ఆమెకు ఒక గ్లాసు మంచినీళ్లు, ఒక కుర్చీ దొరుకుతాయి. ఎండాకాలం అట్టపెట్టెల కార్ఖానాలో అయితే ఆమె వస్తుందని తెలిసి ఒక ముసలమ్మ ఇంటి నుంచి మజ్జిగ తెస్తుంది. అలాంటివి వినోద మరిచిపోదు.

ఒక్క సంగతిలో మాత్రం మనుషులు ఆమె మాట వినేవాళ్లు కాదు. ఎప్పుడైనా కంప్యూటర్లు మూగబోతే పని ఎలా నడపాలో ముందే అలవాటు చేసుకోవాలని, అందుకు నెలకో రోజు కంప్యూటర్ లేకుండా పనిచేసి చూడాలని ఆమె చెప్పేది. అందరూ తల ఊపేవాళ్లు. ఎవరూ చేసేవాళ్లు కాదు.

అప్పుడు ఆమెకు అవ్వ గుర్తొచ్చింది. అవ్వ బాలనర్సమ్మ ఏకాదశి ఏకాదశికీ ఉపాసం ఉండేది. నాట్లకు పోయే రోజైనా మానేది కాదు. నువ్వు తినకపోతే దేవుడికేమొస్తుందని చిన్ననాడు వినోద అడిగితే, అవ్వ ఆమె తల నిమిరి చెప్పింది.

“దేవునికేం రాదు బిడ్డా. ఒక్క పూట బువ్వ లేకుంటె పానం పోదని ఒంటికి ఎరుక చెయ్యాలె. ఆపతొచ్చిన్నాడు గా ఒళ్లే మనల నిలవెడ్తది.”

ఆ నెల నుంచి వినోద తన మాట మార్చింది. నెలకొక ఏకాదశి మీ కంప్యూటర్‌తో ఉపాసం చేయించండి అని చెప్పడం మొదలుపెట్టింది. వింతగా, కొందరు విన్నారు.

అందరికన్నా బాగా విన్నది శామీర్‌పేట దాటాక అలియాబాద్ వైపున్న హ్యాచరీలో పనిచేసే కుర్మయ్య.

ఆ చోటు ఒకప్పుడు ద్రాక్షతోట. చుట్టూ ఉన్నవాళ్లంతా భూములను ప్లాట్లు కొట్టి అమ్ముకున్నా, యజమాని శ్రీనివాస్ మాత్రం అమ్మలేదు. పందిళ్లు తీసేసి కోడిగుడ్లు పొదిగే మిషన్లు పెట్టాడు. మనిషెత్తు బీరువాల్లా ఉంటాయవి. లోపల అరల నిండా గుడ్లు. తల్లికోడి రెక్కల కింద చేసేదంతా అవి చేయాలి. వెచ్చదనం తగ్గకూడదు, తేమ ఆరకూడదు, అరలు గంటకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వాలాలి. ఇదంతా ఆఫీసు గదిలోని ఒక కంప్యూటర్ చేయిస్తుంది. పిల్లలు బయటికొచ్చే చివరి ఘడియల్లో తేమ తగ్గిందా, పెంకు లోపలి పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది. అది పొడిచీ పొడిచీ లోపలే ప్రాణం విడుస్తుంది.

కుర్మయ్య ద్రాక్షతోట నాటి మనిషి. ఏకాదశి నాడు తెల్లవారగానే స్నానం చేసి, మిషన్లను ఒక్కొక్కటిగా కంప్యూటర్ నుంచి తప్పించి చేతి మీటల మీదికి తెచ్చేవాడు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూసి, ఆ అంకెను మిషన్ తలుపు మీద సుద్దముక్కతో రాసేవాడు. తనూ ఉపాసమే కాబట్టి మధ్యాహ్నం మిగతా వాళ్లు తిండికి పోయినా ఆయన మిషన్ల దగ్గరే ఉండేవాడు. శ్రీనివాస్‌కు ఇదంతా నవ్వులాట.

“మిషన్లకు ఉపాసమేందమ్మా వినోదమ్మా? రేపు వీటితోని బతుకమ్మ గూడ ఆడిపిస్తవా ఏంది?” అనేవాడు. అన్నా వద్దనలేదు.

పోయిన ఏడు మాత్రం వద్దన్నాడు. దసరా మరునాడే ఏకాదశి కదా. సరిగ్గా ఆ రోజే పెద్ద విడత పిల్లలు గుడ్ల నుంచి బయటికి రావాల్సి ఉంది. కీసర నుంచి, ఇంకా లోపలి ఊళ్ల నుంచి కోళ్లు పెంచేవాళ్లు పిల్లల కోసం జీపులు మాట్లాడుకున్నారు. వాళ్లలో సగం మంది అప్పుడప్పుడే షెడ్లు వేసుకున్న కొత్తవాళ్లు. పిల్లలు వచ్చే రోజు మిషన్ల మీద ప్రయోగాలు వద్దు, ఈ నెలకు ఉపాసం మానేయండని శ్రీనివాస్ గట్టిగా చెప్పాడు. వినోదకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆయన భయం ఆయనది. వినోద సరేనంది.

దసరా వచ్చింది. వినోద ఆఫీసులో దసరాకు ఒక పద్ధతి ఉంది. ఆ రోజు ప్రతి చోటా ఆయుధపూజ. కార్ఖానా అన్నాక అన్నిటినీ ఆపి, తుడిచి, పసుపు కుంకుమలు పెడతారు. డబ్బాలనూ ఆపుతారు. గోడ మీద చుక్కలన్నీ మందార పూలలా ఎర్రబడిపోతాయి. గంట ఆగకుండా మోగుతుంది. అందుకని ఆ ఒక్క రోజూ తెల్లారేదాకా గంటను నిద్రపుచ్చి అందరూ ఇళ్లకు పోతారు. ఏటేటా చేసేదే. ఆ ఏడూ గంటను నిద్రపుచ్చింది వినోదే. తరవాత ఇంటికి పోయి, బంగారమంటూ జమ్మి ఆకు పంచి, పెద్దల కాళ్లకు మొక్కింది.

మరునాడు పెందలాడే ఆఫీసుకు వచ్చి గంటను లేపింది. ఒక్కొక్క చుక్కా పచ్చబడుతూ వచ్చింది. మిల్లులు లేచాయి, కార్ఖానాలు లేచాయి. శామీర్‌పేట హ్యాచరీ లేవలేదు.

అక్కడి కంప్యూటర్ చూసుకునేది రక్షిత. డిగ్రీ పూర్తి చేసి ఆ ఏడాదే చేరింది. వినోద ఆమెకు ఫోన్ చేసి, ఇంకా కరెంటు పెట్టలేదా, నెట్ రావడం లేదా అని అడిగింది.

“వస్తాంది గదక్కా. నిన్నటి సంది మస్తు జోరుగ వస్తాంది. ఎన్నడు గింత జోరుగ రాలే” అంది రక్షిత, సంబరంగా.

వినోద గోడ మీది ఎర్ర చుక్క వైపు చూసింది. డబ్బా మూగగా ఉంది, నెట్ మాత్రం జోరుగా ఉంది. అంటే తీగ డబ్బాలోకి పోవడం లేదు. దాన్ని దాటి నేరుగా లోపలికి పోతోంది. నిన్నటి నుంచీ వాకిలి బార్లా తెరిచి ఉంది. వెంటనే ఆఫీసు గదిలోకి పోయి ఆ తీగ పీకెయ్యమని చెప్పింది. రక్షిత ఫోన్ చెవిన పెట్టుకునే నడిచింది. తలుపు చప్పుడైంది. ఆ తర్వాత ఆ పిల్ల గొంతు మారిపోయింది. కంప్యూటర్ తెర నిండా ఎర్రటి అక్షరాలు ఉన్నాయట. మీ లెక్కలన్నిటికీ తాళం వేశాం, తెరవాలంటే పైసలు పంపండి అని రాసి ఉందట. ఏది నొక్కినా తెరుచుకోవడం లేదట.

తీగ పీకి, శ్రీనివాస్‌కు ఫోన్ చేసి, ఇంక దేన్నీ ముట్టుకోకుండా కూర్చోమని చెప్పి, వినోద మూలకున్న ఒక మంచి కంప్యూటర్‌ను తీసుకుని స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుంది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. కుర్మయ్య ఫోన్ ఎత్తడం లేదు. కంప్యూటర్ ఎప్పుడు ఆగిందో తెలియదు. అది ఆగితే తేమ చిమ్మడం ఆగుతుంది. ఉపాసం ఉండి ఉంటే మిషన్లు కుర్మయ్య చేతిలో ఉండేవి. కానీ వద్దన్నారు, తానూ సరేనంది. పెంకు లోపల ఆ చిన్న ముక్కులు ఇప్పుడు ఏం చేస్తున్నాయో. మలుపు దగ్గర కీసర గుట్ట దిక్కుకు చూసి, హ్యాండిల్ వదలకుండానే మనసులో రామలింగేశ్వరుడికి మొక్కింది.

ఆమె చేరేసరికి శ్రీనివాస్ కారు గేటు ముందర అడ్డంగా ఆగి ఉంది. ఆయన మిషన్ల గది వాకిట్లో నిలబడి ఉన్నాడు. లోపలికి పోయే ధైర్యం లేనట్టు ఉంది. వినోద ఆయన పక్క నుంచి లోపలికి తొంగి చూసింది.

కుర్మయ్య చివరి మిషన్ ముందు నిలబడి, థర్మామీటర్ గుడ్డను నీళ్లలో తడుపుతున్నాడు. తలుపుల మీద సుద్దముక్కతో అంకెలు వరుసగా ఉన్నాయి. మిషన్లన్నీ చేతి మీటల మీద ఉన్నాయి.

“కాకా” అంది వినోద.

కుర్మయ్య యజమాని వైపు చూసి తల దించుకున్నాడు. “పటేల్ వద్దన్నడు బిడ్డా, నేను సరే అన్న. గని పొద్దుగాల తానం జేసి ఈడికి రాంగనే నా చేతులు ఊకుంటలెవ్వు. ఏకాదశి గదా, వాటంతట అవ్వే మీటల మీదికి వొయినయి. ఎనకకు మల్పుదామంటె తేమ సగానికి వడి ఉండె. ఇగ గట్లనే ఉంచిన.”

తన మాట దాటినందుకు యజమాని తిడతాడని ఆయన ఎదురుచూస్తున్నాడు. శ్రీనివాస్ గోడకు చేయి ఆనించి, మెల్లగా ఒక స్టూలు మీద కూర్చున్నాడు.

మిషన్లు క్షేమమే గానీ పని ఇంకా గట్టెక్కలేదు. ఏ అరలో ఎవరి పిల్లలు, ఏ టీకా ఎవరికి అయింది, ఏ జీపు ఏ ఊరిది, అన్నీ తాళం పడిన కంప్యూటర్‌లోనే ఉన్నాయి. జీపులు మధ్యాహ్నానికి వస్తాయి.

వినోద ఆఫీసు గదిలోకి పోయింది. అక్కడ సంగతి ఆమెకు చూడగానే అర్థమైంది. అమ్మవారి పటం ముందు పీట. పీట మీద ముగ్గు. ముగ్గు మీద నల్ల డబ్బా. నాలుగు దిక్కులా పసుపు బొట్లు, మెడలో బంతిపూల దండ. పక్కనున్న ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుని దాని దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. పాపం, కాపలా కాస్తున్నాననే అది అనుకుంటోంది. ఇంటర్నెట్ తీగ మాత్రం పీట దాకా అందక, బల్ల కింద కంప్యూటర్లకు తీగలు పంచే ఇంకో డబ్బాకు తగిలించి, ఇందాకే పీకి పడేసి ఉంది.

రక్షిత కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదేనని వినోదక్క ఎప్పుడూ అంటుంది కాబట్టి దాన్నే పీట మీద పెట్టింది. తీగ పొట్టిది కాబట్టి, నెట్ ఆగకూడదని దాన్ని కింద తగిలించింది. సాయంత్రం మళ్లీ పైన పెడదామనుకుంది గానీ, పూజలో పెట్టిన వస్తువును తెల్లారి ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదని వాళ్లమ్మ చెప్పింది.

వెనక నుంచి శ్రీనివాస్ గొంతు వినబడింది. సామాను తీసుకుని ఇంటికి పొమ్మని, రేపటి నుంచి రావద్దని ఆయన ఆ పిల్లకు చెప్పాడు. అరవలేదు. అరవకపోవడం వల్లే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

వినోద చేతిలోని కంప్యూటర్‌ను బల్ల మీద దించింది.

“ఆ పిల్లను పొమ్మంటే నన్ను గూడ పొమ్మనాలె సార్. నిన్న డబ్బా ఆగంగనే మా ఆఫీసుల గంట మోగాలె. పండుగ గదా అని గా గంటను బందు వెట్టింది నేనే. మోగితే నిన్ననే ఫోన్ జేసెటిదాన్ని. ఈమె దండ ఏసింది, నేను పండుకున్న. మీరే చెప్పుండ్రి, ఎవలిది పెద్ద తప్పు?”

తలుపు దగ్గరికి వచ్చిన కుర్మయ్య తడి చేతులు తుండుకు తుడుచుకున్నాడు.

“పసుపు వెట్టింది మన పొల్ల. తాళం ఏసింది ఏడనో ఉన్న దొంగ. కోపం దొంగ మీదికి మల్పు పటేలా” అన్నాడు.

శ్రీనివాస్ డబ్బా మెడలోని దండ వైపు చూశాడు. తర్వాత ముఖం తుడుచుకుని, పైసలు కట్టాల్సిందేనా అని వినోదను అడిగాడు. అక్కర్లేదంది ఆమె. మొన్నటి దాకా ఉన్న లెక్కలన్నీ మేడ్చల్‌లో నకలుగా ఉన్నాయి. నిన్నటి నకలు ఒక్కటే లేదు, నిన్న పూజ తప్ప ఇక్కడ ఎవరూ ఏ పనీ చేయలేదు. తాళం పడినదాన్ని కదపకుండా పక్కన పెట్టి సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి. లెక్కలు కొత్తదాంట్లో వస్తాయి. డబ్బాను దాని చోట పెడితే చాలు.

పీట మీదున్న దాన్ని ఆమే గబుక్కున తీసేయవచ్చు. తీయలేదు. రక్షితను పిలిచి, ముందు ఉద్వాసన చెప్పు, ఆ తర్వాతే తీద్దాం అంది. ఆ పిల్ల అక్షింతలు వేసి, డబ్బాను ఉత్తరం దిక్కుకు కొద్దిగా జరిపి, తమ చోటికి పోయి రమ్మని అమ్మవారికి మొక్కింది. అప్పుడు ఇద్దరూ కలిసి దాన్ని ఎత్తి, గోడకున్న దాని అరలో పెట్టి, తీగ బిగించారు. మేడ్చల్‌లో చుక్క పచ్చబడిందని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రక్షితను ఇంటికి పొమ్మన్న మాట శ్రీనివాస్ మళ్లీ ఎత్తలేదు. ఆయనే పోయి అందరికీ చాయ్ పట్టుకొచ్చాడు. మొదటి గ్లాసు ఆ పిల్ల ముందే పెట్టాడు.

లెక్కలు నింపాదిగా కొత్త కంప్యూటర్‌లోకి దిగుతుండగా కుర్మయ్య వినోదను మిషన్ల గదిలోకి పిలిచాడు. తేమ ఆరకుండా తలుపును రవ్వంత మాత్రమే తెరిచి, ఒక గుడ్డు తీసి ఆమె చెవి దగ్గర పెట్టాడు. లోపల టక్ టక్‌మని చిన్న చప్పుడు. ఆ వెంటనే సన్నని కీచుమనే కూత. ఇంకా లోకం చూడని గొంతు అది. వినోద కళ్లు మూసుకుని విన్నది. గుడ్డును లోపల పెట్టేసి, కుర్మయ్య చొక్కా జేబులోంచి వాడిన జమ్మి ఆకులు రెండు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

“నిన్న ఇయ్యలే గదా. బంగారం దీస్కో బిడ్డా.”

వినోద వంగి ఆయన కాళ్లకు మొక్కింది.

జీపులు వచ్చేసరికి గది నిండా పసుపుపచ్చని పిల్లలు. కొన్ని పోయాయి. అసలే పోకుండా ఏ విడతా ఉండదు. మిగిలినవి పెట్టెల్లో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఊళ్లకు బయలుదేరాయి. రక్షిత కొత్త తెర మీద చూసి ఒక్కో ఊరి పేరూ పిలుస్తుంటే, పెట్టెలు అందించే వరుసలో శ్రీనివాస్ కూడా నిలబడ్డాడు.

ఆ తర్వాత ఏ ఏకాదశీ అక్కడ ఆగలేదు. శ్రీనివాస్ ఉపాసం ఉండలేడు గానీ, తడిగుడ్డ థర్మామీటర్ చూడటం నేర్చుకున్నాడు. తప్పు చదివినప్పుడు కుర్మయ్య, “కండ్లద్దాలు పెట్టుకో పటేలా” అంటాడు.

వినోద ఆఫీసులో మాత్రం ఒక చర్చ జరిగింది. ఇకపై ఆయుధపూజలో డబ్బాలను ముట్టుకోవద్దని అందరికీ కట్టడి చేద్దామన్నారు కొందరు. వినోద ఒప్పుకోలేదు. అన్నం పెట్టే వస్తువుకు మొక్కొద్దంటే ఎవరు వింటారు, వినాల్సిన అవసరం మాత్రం ఏముంది అని అడిగింది. డబ్బా పీట దాకా పోతుంది. తీగే దానితో పోవడం లేదు.

ఈ ఏడు దసరాకు ముందు ఆమె స్కూటీ మీద అన్ని చోట్లకూ తిరిగింది. మిల్లులు, బడులు, కార్ఖానాలు, అన్ని చోట్లా ఎవరి పీట ఎక్కడ వేస్తారో అడిగి, అక్కడిదాకా హాయిగా అందే పొడుగు తీగ బిగించి వచ్చింది. అట్టపెట్టెల కార్ఖానా ముసలమ్మ ఇదేదో కొత్త నోమనుకుని, ఆమెకు బొట్టు పెట్టి పంపింది.

పండుగ రోజున గంటను నిద్రపుచ్చలేదు. ఆ పూటకు తాను కూర్చుంటానని వినోద ఆఫీసులోనే ఉండిపోయింది. మధ్యాహ్నం భర్త ఎల్లేష్, అత్త పద్మమ్మ బువ్వ గిన్నె పట్టుకుని వచ్చారు. గోడ మీద అన్నీ పచ్చ చుక్కలే. హ్యాచరీ నుంచి రక్షిత ఫొటో పంపింది. పీట మీద డబ్బా, మెడలో దండ, వెనక తోకలా పొడుగ్గా తీగ.

పద్మమ్మ ఆ తెరను ఎగాదిగా చూసి, తన కొంగు ముడి విప్పి కుంకుమ తీసింది. తెర అంచుకు ఒక బొట్టు పెట్టి, చేతిలోని బంతిదండ వేయడానికి దాని వెనక్కి వంగింది.

“ఎన్ని దండలైన ఎయ్యి అత్తమ్మా” అంది వినోద, గిన్నె మూత తీస్తూ. “గా తీగొక్కటి కదిలియ్యకు.”

“నాకు జెప్తున్నవా? దిష్టి దీసుడు నేర్పింది నేను” అంది పద్మమ్మ, తీగను తప్పించి దండ వేస్తూ.